పాటిదిబ్బ: పొలంలో కలిసిపోయిన ఊరు

తొలకరి దుక్కి పూర్తయ్యాక ఉత్తరాంధ్ర మెట్ట పొలాల్లో ఎర్ర గరపనేల మధ్య ఒక్కోచోట ఒక మచ్చ బయటపడుతుంది. చుట్టుపక్కలంతా ఇటుకపొడి రంగులో ఉంటే ఆ అరెకరమో ఎకరమో మాత్రం బూడిద కలిపినట్టు నల్లగా ఉంటుంది. చాళ్లలో కుండపెంకులు, గాజుల ముక్కలు, అరిగిన రాతి పలకలు తేలుతాయి. పక్క చేను కాలికి గరుకుగా తగిలితే ఇక్కడి మట్టి పిండిలా నలుగుతుంది. ఒకప్పుడు జనం కాపురమున్న చోటు ఇది. తెలుగులో దీనికి పాటి అనీ పాటిదిబ్బ అనీ ఎప్పటి నుంచో పేరుంది. అక్కడి మన్ను పాటిమన్ను. విశాఖపట్నంలో దిబ్బ అనగానే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు గుర్తుకు వస్తాయి గాని, అవి గాలి, వాన, సముద్రం కలిసి చేసినవి. పాటిదిబ్బ పూర్తిగా మనుషుల చేతి పని, అదీ ఎవరూ పూనుకుని చేయని పని: అలికిన నేలలు, కూలిన గోడలు, పొయ్యి బూడిద, గెత్తం (పశువుల ఎరువు), పగిలిన కుండలు తరాల తరబడి ఒకదాని మీద ఒకటి పడి లేచిన మెరక.

పురావస్తు పరిశోధన అనగానే కొండమీది స్తూపాలు, కోటగోడలు, శిలాశాసనాలు గుర్తుకు రావడం సహజం. సాగు చేసుకు బతికి, ఏదో ఒక కారణాన ఖాళీ అయిపోయిన చిన్న పల్లెకు అలాంటి ఆకర్షణ లేదు; చూపించడానికి నిలబడిన గోడ కూడా ఉండదు. అయినా ఒక ప్రాంతంలో ఏం పండింది, ఎవరు ఏం తిన్నారు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, కరువు వస్తే ఎటు పోయారు అన్న ప్రశ్నలకు జవాబు దొరికేది ఎక్కువగా ఇలాంటి చోట్లనే. పైగా వ్యవసాయ గ్రామం ఆనవాళ్లు ఇళ్ల దగ్గరే ఆగవు. గెత్తం పోసిన పొలం, కళ్లం, గట్టు, గెడ్డ (వాగు), చెరువు కట్ట అన్నీ కలిస్తేనే అది గ్రామం అవుతుంది కాబట్టి, దిబ్బను ఒక్కదాన్నే తవ్వి ఊరు దొరికిందనుకోవడం పొరపాటు.

ముందు ఇంటి సంగతి చూడాలి. విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంబడి చుట్టిళ్లు నిన్నమొన్నటి వరకు మామూలే. గుండ్రటి మట్టిగోడ, దానిమీద శంకువులా లేచి, చూరు దగ్గర మనిషి వంగి దూరాల్సినంత కిందికి దిగే తాటాకు కప్పు. తుపాను గాలి గోడకు ఎదురుగా కొట్టకుండా చుట్టూ జారిపోవడానికి ఆ ఆకారం పనికి వచ్చేది. అలాంటి ఇంటిని వదిలేస్తే మొదట పోయేది కప్పు. కప్పు లేని మట్టిగోడ పైఅంచు వానకు కరుగుతుంది, కరిగిన మట్టి గోడ మొదట్లో రెండు వైపులా పేరుకుంటుంది, అలా పేరుకున్న మట్టే అడుగు భాగాన్ని ఆ తరవాతి వానల నుంచి కాపాడుతుంది. కొన్నేళ్లకు మిగిలేది మోకాలి ఎత్తు కూడా లేని ఒక వలయం, దాని నడుమ చిన్న గుంట. పైనుంచి చూస్తే ఎవరో పెద్ద పళ్లెం బోర్లించి తీసిన అచ్చులా ఉంటుంది.

ఆ వలయం లోపల అసలు సమాచారం నేలలో ఉంటుంది. పేడ, మట్టి కలిపి అలికిన ప్రతిసారీ గోరు మందం కూడా లేని పొర ఒకటి చేరుతుంది. చెదరకుండా దిమ్మగా కోసిన నేలకు జిగురు పట్టించి గట్టిపరిచి, వెలుగు దూరేంత పలచని పలకగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఆ అలుకు పొరలు మూసిన పుస్తకం అంచులా వరుసగా కనిపిస్తాయి. ఎడతెగకుండా అలికిన గది, నడుమ కొంతకాలం దుమ్ము పట్టిన గది, చివరికి పశువులను కట్టేసిన గది వేటికవి తెలిసిపోతాయి. గోడ ఎంత ఎత్తున ఉండేదో చెప్పలేని చోట ఇల్లాలు ఎన్నిసార్లు అలికిందో లెక్కపెట్టడానికి వీలుండటం ఈ శాస్త్రంలోని విచిత్రాల్లో ఒకటి.

అన్నీ ఇంత బాగా నిలవవు. తాటాకు, వెదురు, దూలాలు చెదల పాలు. ఇనుప కర్రు విరిగినా రైతు పారేయడు, కమ్మరి కొలిమికి తీసుకుపోతాడు. అందుకే దిబ్బ మీద నాగటి కర్రు అరుదు, కొలిమి పక్కన పోసిన ఇనుప చిట్టెం (ఇనుము కాచినప్పుడు మిగిలే మడ్డి) ఎక్కువ. ఎర్రనేలలకు ఆమ్లగుణం ఉన్నచోట ఎముకలు కరిగిపోతాయి. అదే ఎముక బూడిద గోతిలో పడితే, బూడిద క్షారం కాబట్టి, చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి ఇళ్ల మధ్య ఎముకలు దొరకలేదని ఆ ఊళ్లో మాంసం తినలేదని రాస్తే అది నేల స్వభావాన్ని మనుషుల అలవాటుగా పొరబడటమే అవుతుంది. ఇటువంటి పొరపాట్లు తవ్వకాల నివేదికల్లో అరుదేమీ కాదు.

పాటిమన్ను నల్లగా ఉండటానికీ, దాన్ని రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకుపోవడానికీ కారణం ఒక్కటే. పశువుల పేడ, మూత్రం, పిడకల బూడిద, ఊక, వంటింటి చెత్త, ఎముకలు కలిసి కుళ్లినప్పుడు వాటిలోని నత్రజని కొన్నాళ్లకు వాన నీటితో దిగిపోతుంది గాని, భాస్వరం పోదు. ఎర్రనేలల్లో అది ఇనుముతోనూ అల్యూమినియంతోనూ, బూడిద ఎక్కువున్న చోట సున్నంతోనూ బిగుసుకుపోయి వందల ఏళ్లు కదలకుండా ఉంటుంది. పరిశోధకులు పాడుబడిన ఊరి హద్దులు గుర్తించడానికి చేసే తొలి పరీక్షల్లో భాస్వరం పరీక్ష ఒకటి: నేలను గళ్లుగా విడదీసి, గడికొక పిడికెడు మట్టి తీసి కొలిస్తే, పశువుల కొట్టం ఎక్కడ, ఇల్లు ఎక్కడ, వీధి ఎక్కడ అన్నది పెంకు ముక్క లేకపోయినా పటంలా తేలుతుంది. ప్రయోగశాల అంకెల్లో చెప్పేదాన్ని రైతు చేను ఏపు చూసి ముందే చెప్పగలడు. పాటి మీద వేసిన చోడి (రాగి) మిగతా చేనికంటే ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. ఉపగ్రహ చిత్రాల్లో ఇలాంటి చోట్లను వెతికేవారు ఆధారపడేదీ ఆ రంగు తేడా మీదనే.

ఏ పంటలు పండించారన్నది తెలుసుకునే పద్ధతి ఏ వంటింటికీ కొత్త కాదు. బియ్యం గాలించినట్టే మట్టిని గాలిస్తారు. తేడా ఒక్కటే: వంటింట్లో బరువైన రాయి అడుగున దిగితే గింజ మనకు దక్కుతుంది, ఇక్కడ మట్టిని నీటి తొట్టిలో పోసి కలిపితే, మాడి బొగ్గయిన గింజలు తేలికగా ఉండి పైకి వస్తాయి, వాటిని సన్నని గుడ్డలో వడగట్టి నీడన ఆరబెడతారు. మాడిన గింజే ఎందుకు దొరుకుతుందంటే, పచ్చి గింజ మొలకెత్తుతుంది లేదా కుళ్లుతుంది, బొగ్గును మాత్రం నేలలోని సూక్ష్మజీవులు తినలేవు. అంటే పరిశోధకుల చేతికి వచ్చేది ఒక విధంగా వంటలో జరిగిన తప్పుల జాబితా: పొయ్యిలో ఒలికినవి, వేయించేటప్పుడు మాడినవి, చొప్పతోపాటు మంటలో పడినవి. వేయించే అలవాటున్న ధాన్యం ఎక్కువ కనిపిస్తుంది, ఎప్పుడూ ఉడకబెట్టుకునేది తక్కువ కనిపిస్తుంది. దొరికిన గింజల లెక్కను నేరుగా పంట లెక్కగా చదవకూడదు.

దక్షిణ భారత నవీన శిలాయుగపు పల్లెల్లో ఈ విధంగా గాలించినప్పుడు ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలు బయటపడ్డాయి. ఈ నేలమీద తొలి రైతుల పంట వరి కాదని దానివల్ల స్పష్టమైంది. ఉత్తరాంధ్రవారు చోళ్లు అని పిలిచే రాగి, గంటెలు అని పిలిచే సజ్జ రెండూ ఆఫ్రికా నుంచి వచ్చినవి, ఇక్కడి ఉలవల తరవాత చేరినవి. మిరప, మొక్కజొన్న, పొగాకు అమెరికా ఖండాలవి కాబట్టి, ఒక పొరలో మిరప గింజ దొరికితే ఆ పొర 16వ శతాబ్దానికి ముందుది కాదని వేరే పరీక్ష లేకుండానే చెప్పవచ్చు. గింజ దొరకని చోట కూడా దారి మూసుకుపోదు. గడ్డిజాతి మొక్కలు నేలలోని సిలికాను పీల్చి తమ కణాల్లో గాజులా నింపుకుంటాయి. మొక్క కుళ్లినా ఆ గాజు అచ్చు మిగులుతుంది. వరి ఊక కణాలకు జంట మొనలు ఉంటాయి, ఆ ఆకారం వేరే గడ్డితో కలవదు. ఒక గుంట బూడిదలో అవి గుత్తులుగా ఉంటే అక్కడ వడ్లు దంచారనో, ఊకను వంటచెరకుగా కాల్చారనో అర్థం. వాటితో పాటు తుంగ గింజలు కూడా ఉంటే ఆ వరి నిలువ నీటి మడిలో పండినదన్న అనుమానం బలపడుతుంది, ఎందుకంటే కోతలో పంటతో పాటు కలుపూ ఇంటికి వస్తుంది.

ధాన్యం దాచుకునే తీరు కూడా జాడలు మిగిల్చింది. గడ్డి తాళ్లు చుట్టి కట్టే పురి ఏమీ మిగల్చదు. నేలలో తవ్విన పాతర మాత్రం మిగులుతుంది. గడ్డి పరిచి, ధాన్యం నింపి, మూతి మీద మట్టి మెత్తి మూసిన పాతరలో గోడలకు ఆనుకున్న గింజలు చెమ్మకు మొలకెత్తి లోపలి ప్రాణవాయువును తినేస్తాయి, దాంతో పురుగులు చచ్చి నడుమనున్న ధాన్యం నిలుస్తుంది. ఖాళీ అయిన పాతరను ఎవరూ పూడ్చరు, చెత్త పోస్తారు. కాబట్టి తవ్వకంలో పాతర చెప్పేది రెండు కాలాల కథ: గోడల తీరులో నిలువ చేసిన కాలం, లోపలి చెత్తలో దాన్ని వదిలేసిన కాలం. ఈ రెంటినీ కలిపి చదివితే తారీఖులు తారుమారవుతాయి. నుయ్యికీ ఇదే వర్తిస్తుంది. అడుగున బురదలో తాడు తెగి పడిన కుండలు వాడుకలో ఉన్నప్పటివి, పైనున్న రాళ్లు, ఇటుకలు ఊరు పోయాక పూడినవి.

జనం ఎలా వెళ్లిపోయారన్నది వదిలేసిన వస్తువుల్లో తెలుస్తుంది. తీరిగ్గా తరలిపోయినవారు ద్వారబంధాలు, దూలాలు, బాగున్న పెంకులు ఊడదీసి బండ్లకెత్తుతారు. మిగిలేవి మోయలేనివీ, మోసినా లాభం లేనివీ. రోలు దీనికి మంచి సాక్షి. రెండు మూడు తరాలు దంచిన రోలు గుంట లోపలి అంచు అద్దంలా నునుపెక్కి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, దంచిన మనిషి ఎటు నిలబడేదో ఆ వాలు చెబుతుంది. అడుగు చిల్లిపడటానికి దగ్గరైన రోలును కొత్త ఊరికి ఎవరూ తీసుకుపోరు. తిరగలిలో పైరాయి తీసుకుపోయి కిందిరాయి వదలడం అరుదనుకోవచ్చు, రెండూ జంటగా అరిగినవి కాబట్టి. ఒకటే దొరికితే రెండోది పగిలి ఉండవచ్చు. ఇందుకు విరుద్ధంగా పొయ్యి మీద కుండ, మూలన గాబు, గూట్లో దీపపు ప్రమిద ఉన్నవి ఉన్నచోటే దొరికితే ఆ ఇల్లు ఒక్క రోజులో ఖాళీ అయిందని, నిప్పో వరదో కారణమని అనుకోవాలి. వ్యవసాయ పల్లెల్లో అలాంటివి తక్కువ. చాలావరకు ఊరు ఒక్కసారి చావదు. చెరువు తెగి రెండేళ్లు బాగుపడకపోతే కొందరు, జ్వరాలకు కొందరు, పన్ను కట్టలేక కొందరు, పిల్ల పెళ్లి అయిన ఊరికి కొందరు కదిలిపోగా, ఆఖరి నాలుగిళ్ల కాలం సుదీర్ఘంగా సాగుతుంది. 1865-66, 1876-78 కరువుల తరవాత, ఆపైన బర్మా దారి తెరుచుకున్నాక విశాఖ, గంజాం జిల్లాల నుంచి కూలిపనికి రంగూను వెళ్లినవారి సంఖ్య ఎంత పెద్దదో తెలిసిందే. వెళ్లినవారి ఇళ్లు వీధిలో ఊడిన పళ్ల సందుల్లా మిగిలి ఉంటాయి.

ఇలా ఇటీవలి శతాబ్దాల్లో పాడుపడిన ఊళ్లకు, గింజలోనో బొగ్గులోనో మిగిలిన కార్బన్ కొలిచి కాలం కట్టే రేడియోకార్బన్ పద్ధతి అంతగా ఉపయోగపడదు. వేల ఏళ్ల నాటి గింజ ఒక్కటి చాలు తేదీ కట్టడానికి. 17వ శతాబ్దం తరవాతి గింజకు మాత్రం ఒకే కొలతకు రెండు మూడు కాలాలు సరిపోతాయి. అక్కడ మామూలు వస్తువులే నయం. మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ పెంకుల కర్మాగారం మొదలైంది 1865లో. అచ్చు పడిన పెంకు ముక్క దొరికితే ఆ ఇంటి కప్పు అంతకు ముందుది కాదు, గూనపెంకు మాత్రమే దొరికిన ఇల్లు ఏ కాలానిదైనా కావచ్చు. 1835 అని అచ్చయిన ఈస్టిండియా కంపెనీ రాగి పావు అణా దొరికితే అది నేలలో పడింది 1835లో అని కాదు, అంతకు ముందు మాత్రం కాదని. నాణెం చేతులు మారుతూ అర్ధశతాబ్దం తిరగగలదు.

కాగితం కూడా ఒక పొరే. రెవెన్యూ లెక్కల్లో జనం ఉండే స్థలాన్ని గ్రామకంఠం అంటారు. ఊరు పోయినా గ్రామకంఠం నంబరు పొలాల మధ్య అలాగే నిలిచి ఉండటం కద్దు, అక్కడ ఇప్పుడు జీడిమామిడి తోట ఉన్నా సరే. జనం లేని గ్రామాన్ని బేచిరాకు గ్రామమని రాస్తారు. పారసీలో ఆ మాటకు దీపం లేనిదని అర్థం, ప్రభుత్వ పరిభాషలో ఇంత చక్కటి మాట మరొకటి దొరకడం కష్టం. విశాఖ జిల్లాలో 1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటు తరవాత భూమి ఎక్కువగా జమీందారుల కింద ఉండటం వల్ల రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ జిల్లాల్లోలాగా పొలం పొలానికీ పాత సర్వే లెక్క ఉండదు. ఆ లోటును కొంత ఊళ్ల పేర్లు తీరుస్తాయి. ఉత్తరాంధ్రలో వలస అని ముగిసే పేర్లు కొల్లలు. విశాఖకు ఆనుకుని ఉన్న కొత్తవలస అందరికీ తెలిసిన రైల్వే జంక్షను. ఎక్కడి నుంచో వచ్చి దిగినవారి ఊరని పేరే చెబుతుంటే, వాళ్లు వదిలి వచ్చిన చోటు ఏదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. పాత, కొత్త అని జంటగా ఉన్న పేర్ల వెనక కూడా తరచు ఒక తరలింపు ఉంటుంది. పేరు ఒక్కటే సాక్ష్యం కాదు గాని, నడిచి వెతకాల్సిన దిక్కు చూపిస్తుంది. ఇళ్లు కదిలినా గ్రామదేవత గుడినీ, దాని పక్కనున్న చింత, రావి, వేప చెట్లనూ చాలాచోట్ల కదపరు. పొలాల నడుమ ఒంటరిగా ఉన్న గుడి దగ్గర పెంకుల కోసం చూడటం క్షేత్ర పరిశీలకులకు అలవాటు.

విశాఖపట్నం చుట్టుపక్కల ఈ పని జరగాల్సినంత జరగలేదనే చెప్పాలి. 1982 నుంచి బావికొండలోనూ, 1988 నుంచి తొట్లకొండలోనూ రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వి బౌద్ధ మఠాలను వెలికితీసింది. తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు అక్కడ దొరికాయి. కొండమీద భిక్షువుల వంటశాల, భోజనశాల ఉన్నాయంటే కింద ఎవరో వడ్లు పండించి ఉండాలి. అమెరికన్ పరిశోధకుడు లార్స్ ఫోగెలిన్ 2000 తరవాతి ఏళ్లలో మఠం ప్రహరీ దాటి చుట్టుపక్కల నేలను నడిచి, రాళ్లకుప్పలు, నివాసపు ఆనవాళ్లు నమోదు చేయడం వల్ల ఆ ప్రశ్నకు కొంత దారి ఏర్పడింది. ఇప్పుడు కొండకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలలో లేఅవుట్లు వేస్తున్న వేగం చూస్తే కొండమీది స్తూపానికి వచ్చిన ముప్పు కంటే కింది పల్లెకు వచ్చిన ముప్పు పెద్దది. చట్టం కూడా కట్టడం వైపే మొగ్గు చూపుతుంది. 1958 నాటి కేంద్ర చట్టం కనీసం 100 ఏళ్లు నిండిన కట్టడాలకూ స్థలాలకూ వర్తిస్తుంది; రక్షిత స్థలంగా ప్రకటించకపోతే దిబ్బను చదును చేయడానికి ఆ చట్టం అడ్డు రాదు. అదే దిబ్బలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. పెంకులకు ఆ యోగం లేదు.

ఉక్కు కర్మాగారం సంగతి ఇందులో ప్రత్యేకం. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఆ కర్మాగారం కోసం ఖాళీ అయినవి 64 గ్రామాలని లెక్క. ఒక కాలంలో, ఒకే కారణాన, కాగితాల మీద తేదీలతో సహా నమోదై ఇన్ని వ్యవసాయ గ్రామాలు ఖాళీ కావడం అరుదు. పాతకాలపు దిబ్బ మీద ఊహతో చెప్పే విషయాలను, అంటే దూలాలు ఎవరు తీసుకుపోయారు, నుయ్యి ఎన్నేళ్లకు పూడింది, కూలిన గోడ ఎంత దూరం జారింది అన్నవాటిని, అలాంటి చోట ఇంకా బతికున్నవారి మాటతో సరిపోల్చవచ్చు. ఆవరణలో కట్టడాల కిందికి పోకుండా చెట్ల మధ్య మిగిలిన పునాదులను పటం గీసి పెట్టడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అయిన పని. ఆ తరంవారు ఉండగానే అది జరగాలి.

మళ్లీ పాటిమన్ను దగ్గరకే రావాలి, ఎందుకంటే ఈ శాస్త్రంలోని అతి పెద్ద చిక్కు అక్కడే ఉంది. దిబ్బను ఎరువుగా తోలిన బండ్లు మన్నుతో పాటు పెంకులనూ తోలాయి. ఊరు బతికున్నప్పుడు కూడా ఇంటి చెత్తతో కలిసిన గెత్తం ఏటా పొలాలకు పోతూనే ఉండేది, అందులోనూ పెంకులు ఉండేవి. కాబట్టి పొలంలో పెంకు కనిపించినంత మాత్రాన అక్కడ ఇల్లు ఉండేదని చెప్పడానికి లేదు. గెత్తం పోసిన చేను కావచ్చు, నిన్నటి ట్రాక్టరు దింపిన దిబ్బ కావచ్చు. క్షేత్ర పరిశీలకులు దీన్ని తేల్చడానికి పొలాన్ని సమాన దూరపు వరుసల్లో నడిచి, ప్రతి వరుసలోని పెంకులను ఏరి, సంఖ్యతో పాటు బరువు కూడా కొలుస్తారు. ఇల్లు ఉన్నచోట ముక్కలు పెద్దవి, దట్టంగా ఉంటాయి. గెత్తంతో వచ్చినవి వేలిగోరంతవి, పొలమంతా పలచగా, ఊరికి దూరమయ్యే కొద్దీ తగ్గుతూ ఉంటాయి. ఆపైన ఒక్కొక్క ముక్కను చేతిలోకి తీసుకుని అంచు మీద బొటనవేలు రాసి చూస్తారు. వందల దుక్కుల్లో దొర్లిన పెంకు అంచు సబ్బుబిళ్లలా గుండ్రబడి ఉంటుంది, విరిగిన చోటి రంగు పైపొర రంగుతో కలిసిపోతుంది. దిబ్బ నుంచి కొత్తగా వచ్చిన ముక్కకు అంచు వేలికి గీసుకుంటుంది, లోపలి మట్టి ఇంకా ఎర్రగా ఉంటుంది. అలాంటివి ఒక చోట కుప్పగా కనిపిస్తే నాగలి ఆ ఏడే ఒక గోడనో నేలనో తాకిందని గుర్తు, అక్కడ తవ్వితే అడుగున ఏదైనా మిగిలి ఉండే అవకాశం ఉంది. వచ్చే దుక్కి వరకు.